కాలికి ఏ కాలం?

తెల్ల బూట్లు వేసవికే అన్న పాశ్చాత్య కట్టుబాటు పుట్టిన చోటే పాతబడింది. మన పాదరక్షలు మాత్రం వానకు, ఎండకు, గడపకు ఇప్పటికీ జవాబు చెప్పుకుంటూనే ఉన్నాయి

1994లో విడుదలైన హాలీవుడ్ వ్యంగ్య చిత్రం సీరియల్ మామ్ చివర్లో ఒక హత్య జరుగుతుంది. చేసేది క్యాథలీన్ టర్నర్ పోషించిన ఆదర్శ గృహిణి. చచ్చిపోయేది ఆమెను నిర్దోషిగా వదిలిపెట్టిన జ్యూరీలోని ఒక సభ్యురాలు. ఆవిడ చేసిన తప్పల్లా లేబర్ డే దాటిపోయాక తెల్ల బూట్లు వేసుకుని రావడమే. దర్శకుడు జాన్ వాటర్స్ ఈ సన్నివేశం తీసింది నవ్వించడానికే. అయితే ఆ హాస్యం అర్థం కావాలంటే ప్రేక్షకుడికి ముందుగా ఆ నియమం తెలిసి ఉండాలి. అమెరికాలో అది తెలియనివాళ్లు తక్కువ.

సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ లేబర్ డే. దాంతో వేసవి ముగిసినట్లు లెక్క. ఆ రోజు నుంచి తెల్ల బూట్లు అటకెక్కి, మళ్లీ మే నెలాఖరున గానీ కిందికి దిగకూడదు. ఈ ఆచారం ఎందుకొచ్చిందన్న దానికి రెండు కథలు చెబుతారు. ఆనాటి నగర వీధుల బురదలో తెలుపు నిలవదు కాబట్టి అన్నది ఒకటి. వేసవి విడుదులకు వెళ్లగలిగే పాత ధనికులు, కొత్తగా డబ్బు చేసినవాళ్లను గీతకు అవతలే ఉంచడానికి ఇలాంటి గుట్టు నియమాలు కల్పించుకున్నారన్నది రెండోది. రెండోదే నమ్మబుద్ధవుతుంది. ఎందుకంటే బురదకు భయపడేవాడు క్యాలెండర్ చూడడు, వీధి చూస్తాడు.

బ్రిటన్‌లో ఇదే జబ్బుకు మరో రూపం. గోధుమరంగు బూట్లు పల్లెటూరి షికార్లకే గానీ లండన్ ఆఫీసులకు పనికిరావన్నది అక్కడి పాత మర్యాద. ఇదేదో తాతల కాలం ముచ్చట అనుకోనక్కర్లేదు. సోషల్ మొబిలిటీ కమిషన్ 2016లో వెలువరించిన నివేదిక, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల ఇంటర్వ్యూలకు సూటు మీద గోధుమరంగు బూట్లు వేసుకొచ్చిన సామాన్య కుటుంబాల అభ్యర్థులు ఆ ఒక్క కారణంగా కూడా వెనకబడుతున్నారని తేల్చింది. చదువు ఉంది, తెలివి ఉంది, లేనిదల్లా ఆ బూటు సంగతి చెవిలో వేసే తండ్రో మేనమామో.

అయితే రుతువు తాలూకు నియమాలు మాత్రం పుట్టిన దేశాల్లోనే దాదాపు చచ్చిపోయాయి. కోకో షనెల్ అప్పట్లోనే ఏడాది పొడవునా తెలుపు కట్టింది. ఇప్పుడు న్యూయార్క్‌లో జనవరి చలిలో తెల్ల స్నీకర్లు, జులై ఎండలో పల్చటి గౌన్ల కింద మోకాలి దాకా బూట్లు కనిపిస్తాయి. మేజోళ్ల మీద శాండల్స్ వేయడం నిన్నటిదాకా నవ్వులాట, ఇవాళ ఫ్యాషన్. మరి ఆ నియమాలతో ఏ సంబంధమూ లేని మన దేశంలో, అద్దాల షోరూముల్లో అవే ఎందుకు వేలాడుతున్నాయి?

చీలమండ లోతు వ్యాపారం

డిసెంబరులో చెన్నైలోనో నెల్లూరులోనో ఏ మాల్‌కు వెళ్లినా వింటర్ కలెక్షన్ బోర్డు కింద చీలమండ దాకా తోలు బూట్లు వరుసగా పేర్చి ఉంటాయి. బయట మాత్రం అది ఈశాన్య రుతుపవనాల కాలం. చీలమండ లోతు ఉండేది బూటు కాదు, నీళ్లు. మిలాన్, ప్యారిస్ లెక్క ప్రకారం ఏడాదికి రెండే రుతువులు. వసంతం-వేసవి ఒకటి, శిశిరం-శీతాకాలం మరొకటి. ఆరు రుతువులు, ఇరవయ్యేడు కార్తెలు ఉన్న పంచాంగానికి ఆ చొక్కా ఎక్కడా సరిపోదు.

ఈ సంగతి మన ఫ్యాషన్ రంగానికి తెలియక కాదు. 2000లో మొదలైన లాక్మే ఫ్యాషన్ వీక్ తన రెండో విడతకు వింటర్-ఫెస్టివ్ అని పేరు పెట్టుకుంది. చలి పేరు చెప్పినా అసలు కిటుకు రెండో మాటలో ఉంది. భారతీయుడు చెప్పులు కొనేది చలి పుట్టిందని కాదు, పండుగొచ్చిందనో పెళ్లొచ్చిందనో. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఎండ్ ఆఫ్ సీజన్ సేల్ కూడా పడమటి దిగుమతే. కాకపోతే అందులో ఒకటి జూన్-జులైలో పడి, మన ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో హాయిగా కలిసిపోయింది. ఏ సీజన్ ముగిసిందని ఆ అమ్మకం అని అడిగితే సేల్స్ కుర్రాడు బిక్కమొహం వేస్తాడు.

ఆ మాటకొస్తే కాలి కొలతలూ మనవి కావు. బ్రిటిష్, యూరప్ సైజుల్లోనే ఇన్నాళ్లూ కాళ్లు ఇరికించుకున్నాం. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా లక్ష మందికి పైగా భారతీయుల పాదాలు కొలిచి, సగటున మన పాదం వెడల్పు ఎక్కువని చెప్పి, 'భ' అనే దేశీ కొలతను ప్రతిపాదించింది. కాలి ఆకారమే మనది కాని బూటులో, వాతావరణం ఒక్కటీ మనదై ఉంటుందని ఎలా ఆశిస్తాం?

వాన రాసిన రాజ్యాంగం

మన దగ్గర రుతు నియమం ఏదైనా గట్టిగా నిలిచిందంటే అది వానది. దాన్ని పెట్టింది మర్యాద పుస్తకాలు కాదు, నీళ్లు. తోలు తడిస్తే ఉబ్బుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. తంగేడు, తుమ్మ చెక్క, కరక్కాయలతో పదును పెట్టిన నాటు తోలుకు ఈ బాధ మరీ ఎక్కువ. స్వేడ్ బూటు ఒక్క జడివానకు తడిసిన పిల్లిలా తయారవుతుంది. జరీ పని చేసిన జుత్తీల సంగతి చెప్పనక్కర్లేదు. శ్రావణమాసపు పెళ్లిళ్లలో, తడిసిన పచ్చిక మీద వేసిన రిసెప్షన్ పందిట్లో, వేల రూపాయల జుత్తీలు రాత్రికి రాత్రే అట్ట ఊడిపోవడం చూస్తూనే ఉంటాం.

రబ్బరు పండే, వాన కురిసే కేరళ నుంచి దేశానికి చెప్పుల కంపెనీలు రావడం ఈ లెక్కన యాదృచ్ఛికం కాదు. కొట్టాయంలో 1975లో మొదలైన పారగాన్ అక్కడిదే. కోజికోడ్ ఇవాళ పాలియురేథేన్ చెప్పులకు పెద్ద కేంద్రం. అంతకు ముందే బాటా వారి ప్లాస్టిక్ సాండక్‌లు ఒక తరం వానాకాలాన్ని గట్టెక్కించాయి. కడిగితే శుభ్రం, ఆరబెట్టే పని లేదు, ఫ్యాషన్ అన్న మాటే లేదు. ఆ సాండక్‌కు దూరపు చుట్టమే 2002లో అమెరికాలో పుట్టి ఇప్పుడు మన కాలేజీ పిల్లల కాళ్లకు కనిపిస్తున్న క్రాక్స్. ధర పెరిగింది, చిల్లులు పెరిగాయి, పేరు మారింది. నీళ్లు వచ్చిన దారినే పోవాలన్న సూత్రం అదే.

ఈ సూత్రాన్ని పట్టించుకోనిది ఒక్క బడి. తెలుగు రాష్ట్రాల్లో స్కూళ్లు తెరిచేది జూన్ రెండో వారంలో, అంటే మృగశిర చినుకుల్లో. సరిగ్గా అప్పుడే లక్షలాది తల్లిదండ్రులు ముక్కు మూసుకుపోయిన నల్ల బూట్లు, నైలాన్ మేజోళ్లు కొంటారు. ఉదయం ఏడున్నరకు తడిసిన మేజోడు సాయంత్రం నాలుగింటి దాకా ఆ కాలికే ఉంటుంది. వేళ్ల సందుల్లో ఒరుపు, దురద, వాసన. చెప్పుల తయారీదారులకు ఇది ఏడాదిలోకెల్లా పెద్ద సీజన్లలో ఒకటి. ముంబైలో కొన్ని బడులు వానాకాలం వరకు శాండల్స్‌కు అనుమతిస్తాయి. మన దగ్గర ఆ పాటి వెసులుబాటుకు ప్రభుత్వ ఉత్తర్వు కూడా అవసరం లేదు, ప్రిన్సిపాల్ మనసు చాలు. ఇంకో విచిత్రం, తెల్ల బూట్ల నియమం మనకూ ఉంది. కాకపోతే అది రుతువుకు కాదు, శనివారానికి. డ్రిల్ పీరియడ్ కోసం శుక్రవారం రాత్రి కాన్వాస్ బూట్లకు తెల్ల పాలిష్ రుద్దిన చేతులు దేశమంతటా ఉన్నాయి.

వాన నియమాన్ని ఫ్యాషన్ పేజీ దాటి చూస్తే విషయం కాస్త గంభీరంగా మారుతుంది. 2005 జులై 26న ముంబై శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వరద తీశాక లెప్టోస్పైరోసిస్ నగరాన్ని చుట్టుకుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో, కాలి మీది చిన్న గీత గుండా ఒంట్లోకి దూరే జబ్బు అది. నీళ్లలో నడవక తప్పకపోతే గమ్ బూట్లు వేసుకోండని వైద్యులు చెప్పడం అప్పటి నుంచి ఏటా వినిపించే మాట. అందం కోసం వేసుకున్న వేళ్లు కనిపించే చెప్పు, అక్కడ వేళ్లకు రక్షణే ఇవ్వదు.

పల్లెల్లో లెక్క ఇంకా కఠినం. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఏడాదికి 58,000. అందులో సగం జూన్-సెప్టెంబరు మధ్యనే. ఎక్కువ మరణాలు నమోదైన ఎనిమిది రాష్ట్రాల జాబితాలో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. కాట్లు ఎక్కువగా పడేది కాళ్ల మీద. మోకాలి దాకా రబ్బరు బూటు వేసుకుంటే ముప్పు తగ్గుతుందని అందరికీ తెలుసు. నాట్లేసే బురద మడిలో అది వేసుకుని అడుగు తీయడం ఎలాగన్నదే ఎవరూ సరిగా జవాబు చెప్పని ప్రశ్న. బురదలో కూరుకుపోని, ఎండలో ఉడకని, రైతుకూలీ కొనగలిగిన వానాకాలపు బూటు ఇంతవరకు ఏ డిజైనరు ర్యాంపు మీదా కనిపించలేదు.

ఎండకు ఒరిగేది ఎవరు?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్ల తారు రోడ్డు ఆ రోజుల్లో గాలి కన్నా ఎంతో ఎక్కువగా కాలుతుంది. అయినా హైదరాబాద్, విజయవాడ ఆఫీసుల్లో మే నెలలోనూ మేజోళ్లు, లేసులు, నల్ల తోలు బూట్లు దిగవు. వేసవికి తేలిక చెప్పులన్న మామూలు తెలివి మహిళా ఉద్యోగులకు దక్కినంతగా పురుషులకు దక్కలేదు. ఈ ఒక్క విషయంలో మగవాళ్లను చూసి జాలిపడొచ్చు.

మధుమేహులకు మాత్రం ఎండాకాలపు చెప్పు ఎంపిక సోకు కాదు. భారత వైద్య పరిశోధన మండలి నిధులతో సాగిన అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. జబ్బు ముదిరిన కొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలుతున్న బండ మీద నడిచినా తెలియదు. బొబ్బ పుండై, పుండు కుళ్లి, వేలో పాదమో తీసేయాల్సి వచ్చిన కేసులు ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉంటాయి. అలాంటివారికి వైద్యులు చెప్పేది మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అట్ట, వెనక పట్టీ ఉన్న చెప్పు. బొటనవేలి సందులో ఒరుసుకుపోయే హవాయి వద్దంటారు. మరి గుడి ముందు ఆ చెప్పు కూడా విడిచేయాల్సిందే. తిరుమల మాడవీధుల్లో వేసవి వచ్చేసరికి తెల్ల చలువ పూత, చాపలు వేసేది అందుకే.

వానా, ఎండా కలిసి చేసే ఇంకో నష్టం గురించి దుకాణదారులు చెప్పరు. స్నీకర్లు, ట్రెక్కింగ్ బూట్లలో వాడే పాలియురేథేన్ అట్ట గాలిలోని తేమతో మెల్లగా విరిగిపోతుంది. వాడకుండా దాచినా అంతే. పై సంవత్సరం చలికాలానికని డబ్బాలో భద్రపరిచిన ఖరీదైన జతను రెండేళ్ల తర్వాత తీసి నాలుగడుగులు వేస్తే అట్ట బిస్కెట్‌లా పొడైపోతుంది. రుతువు మారగానే బూట్లు దాచేయాలన్న పడమటి అలవాటు చల్లటి, పొడి దేశాలది. కోస్తా ఉక్కలో ఆ అలవాటు పాటిస్తే మిగిలేది డబ్బా. తోలు బూట్లయితే ఆ డబ్బాలోనే బూజు పడతాయి. తడిసినవాటిని ఎండలో పెట్టకుండా, పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి నీడన ఆరబెట్టడం, వరుసగా రెండు రోజులు ఒకే జత వేయకపోవడం వంటి పనులే ఇక్కడ పనికొచ్చే జాగ్రత్తలు.

గడప దగ్గరి చట్టం

అసలు మన దేశంలో చెప్పును శాసించేది ఆకాశం కన్నా గడప. ఇల్లు, గుడి, కొన్ని చోట్ల డాక్టరు గది. రోజుకు పదిసార్లు విప్పి తొడగాల్సిన చోట లేసుల బూటు ఏ రుతువులోనూ గెలవలేదు. చెప్పులు, జుత్తీలు, లోఫర్లు, వెనక పట్టీ లేని స్లిప్పర్లు ఇక్కడ నిలవడానికి కారణం వాతావరణం ఎంతో, వాకిలీ అంతే.

ఇక తెలుగునాట అందరికన్నా నిక్కచ్చిగా పాటించే రుతు నియమం ఏదంటే, చెప్పే వేసుకోకపోవడం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్న వేలాది మంది మగవాళ్లు 41 రోజులు వట్టి కాళ్లతో తిరుగుతారు. బ్యాంకు క్యాషియర్, ఆర్టీసీ కండక్టర్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అన్న తేడా లేదు. ఏ ఫ్యాషన్ పత్రికా ఇంత క్రమశిక్షణను తన పాఠకుల నుంచి రాబట్టలేదు. అదీ కాళ్లు పగిలే చలికాలంలో. కాశీ విశ్వనాథ ఆలయంలో తోలు, రబ్బరు చెప్పులు నిషిద్ధం కావడంతో పూజారులు, కాపలావాళ్లు చలిలో వట్టి కాళ్లతో నిలబడుతున్నారని 2022 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ 100 జతల జనపనార పాదరక్షలు పంపారు. నియమం చెక్కుచెదరలేదు, చలీ తప్పింది. కాశ్మీర్‌లో ఒకప్పుడు మంచు మీద నడవడానికి వరిగడ్డితో అల్లిన పుల్‌హోర్‌ల వెనకా, కులు లోయలో భాంగ్ మొక్క నారతో అల్లే పూలాల వెనకా ఉన్నది ఈ తెలివే. అవి ఏ సీజన్ కలెక్షనూ కాదు, దగ్గర్లో దొరికిన గడ్డి.

గడపకు మించిన కట్టుబాటు ఇంకొకటుంది, దాని గురించి ఫ్యాషన్ రాతల్లో మాట్లాడరు. అమెరికాలో తెల్ల బూటు వర్గాన్ని పట్టిచ్చింది. మన ఊళ్లలో చెప్పు కులాన్ని పట్టిచ్చింది. పెద్ద కులాల వీధిలోకి రాగానే దళితులు చెప్పులు విప్పి చేత పట్టుకు నడవాలన్న ఆనవాయితీకి వానాకాలం, ఎండాకాలం అన్న తేడా లేదు. తోలు పదును పెట్టిందీ, చెప్పు కుట్టిందీ వాళ్లే అయినా అంతే. ఆ తరం పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. కాబట్టి ఈ దేశంలో నచ్చిన జత, నచ్చిన రోజున, నచ్చిన వీధిలో వేసుకుని నడవడం అనేది కొందరికి ఇటీవల దక్కిన స్వేచ్ఛ. దాన్ని మళ్లీ దిగుమతి చేసుకున్న క్యాలెండర్‌కు తాకట్టు పెట్టడంలో అర్థం లేదు.

మిలాన్‌లో వేసవి, కొల్హాపూర్‌లో వాన

రుతువు ఇంకా ఎవరి మెడ మీద కత్తిలా ఉందో చూడాలంటే కొల్హాపురి చెప్పు దగ్గరికి వెళ్లాలి. మహారాష్ట్రలోని కొల్హాపూర్, సాంగ్లి, సతారా, షోలాపూర్, కర్ణాటకలోని బెళగావి, ధార్వాడ, బాగల్‌కోట, విజయపుర జిల్లాలకు కలిపి 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మన దగ్గర ఖద్దరు కుర్తా, భుజాన సంచితో కలిసి కొల్హాపురి ఒక తరం మేధావుల యూనిఫాం. ఇప్పుడు జీన్స్ మీదకీ చీర మీదకీ చెల్లుతోంది.

2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా, మిలాన్‌లో 2026 వసంతం-వేసవి పురుషుల దుస్తుల ప్రదర్శనలో అచ్చం ఇలాంటి చెప్పులే మోడళ్ల కాళ్లకు తొడిగింది. కొల్హాపూర్ పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు. గొడవ రేగాక, భారతీయ హస్తకళ నుంచే స్ఫూర్తి పొందామని ఒప్పుకుంది. 2014లో బ్రిటిష్ డిజైనర్ పాల్ స్మిత్ పెషావరీ చెప్పును పోలిన శాండల్‌ను రాబర్ట్ అనే పేరుతో 300 పౌండ్లకు అమ్మబోయినప్పుడు పాకిస్తాన్‌లోనూ ఇదే జరిగింది. కోపం ముందు, పెషావర్ పేరు తర్వాత. ప్రాడా కథ అక్కడితో ఆగలేదు. 2025 డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటకల ప్రభుత్వ తోలు పరిశ్రమల సంస్థలు లిడ్‌కామ్, లిడ్‌కర్‌లతో ఒప్పందం కుదుర్చుకుని, 2,000 జతలు ఇక్కడే చేయించి, జత సుమారు 800 యూరోలకు, అంటే రూ. 80 వేల పైచిలుకుకు అమ్ముతామని ప్రకటించింది.

ఈ రగడలో ఎవరూ పెద్దగా గమనించని సంగతి తేదీ. మిలాన్‌లో రాబోయే వేసవి కోసం ఆ చెప్పులు ర్యాంపు ఎక్కింది జూన్‌లో. కొల్హాపూర్‌లో జూన్ అంటే వాన. చెట్టు చెక్కతో పదును పెట్టిన తోలు ఆరడానికి ఎండ కావాలి. అట్టను కొట్టి, అతికి, తోలు దారంతో కుట్టిన జత ఆరడానికీ ఎండే కావాలి. మబ్బు పట్టిన నాలుగు నెలలు తోలు ఆరదు, ఆరినా బూజు భయం, తయారైనా కొనేవాడు రాడు. ఇంటిల్లిపాదీ కలిసి చేసే ఈ పనిలో ఆ నెలలకు ప్రత్యేకంగా జీతం ఇచ్చేవాళ్లెవరూ లేరు. ముందు చేసిన అప్పు, పండుగల్లో వస్తుందనుకునే ఆర్డరు, ఈ రెంటి మధ్యే సంసారం. ప్రాడా వంటి పెద్ద బేరగాడు వచ్చినా, కాకున్నా, అక్కడ కావాల్సింది వానలోనూ తోలు ఆరే షెడ్డు, తేమ తగలని గోదాము, పని లేని నాలుగు నెలలకు వడ్డీ లేని పెట్టుబడి. 2,000 జతల ఒప్పందం వీటిలో ఎన్ని ఇస్తుందో ఒకటి రెండు వానాకాలాలు గడిస్తే గానీ చెప్పలేం.

కొనేవాళ్ల సంగతి తేలికే. అసలైన కొల్హాపురి కావాలనుకునేవారు దసరా తర్వాత కొనడం మంచిది. అప్పటికి తోలు బాగా ఆరి ఉంటుంది, మొదటి వారం కరిచినా వేసుకోగా వేసుకోగా మెత్తబడటానికి చేతిలో ఏడెనిమిది పొడి నెలలుంటాయి. తొలకరి పడగానే నూనె రాసి, న్యూస్‌పేపర్ చుట్టి, గాలి తగిలే అరలో పెట్టేయాలి. ఆ నాలుగు నెలలకు రూ. 200 రబ్బరు చెప్పు చాలు.